పాత బేరింగు అడిగినవాడు

అమ్మలారా, అయ్యలారా, కంభం నుంచి, కురిచేడు నుంచి పనులు మానుకొని వచ్చిన బంధువులారా. మా శ్రీహరి లేడు. ఈ మాట అనడానికి నోరు రావడం లేదు. ఇంకో మాట మాత్రం నోట్లో ఆగడం లేదు. శవం గిద్దలూరు చేరకముందే కంపెనీ పూలదండ చేరింది. అంత తొందర దేనికి?

నేను వాడి మేనమామను. ఈ ఊళ్ళోనే బోరు మోటార్లు బాగుచేస్తాను. మన రైతు ఎవరైనా సరే, మార్చిన పాత సామాను చేతిలో పెట్టించుకోకుండా షెడ్డు దాటడు. పాతది కనపడకపోతే కొత్తది వేసినట్టు లెక్క కాదు. మా బావ మోటారుకు బేరింగు పోయినప్పుడు, కాలేజీలో చదువుతున్న శ్రీహరి వచ్చి "మామా, పాత బేరింగు ఇయ్యి" అన్నాడు. నన్నే నమ్మవా ఏందిరా అన్నాను. "నమ్ముతా. అయినా ఇయ్యి" అన్నాడు.

అట్లాంటివాడు హైదరాబాదులో విమానాల ఇంజన్లు బాగుచేసే చోట ఇన్‌స్పెక్టర్ అయినాడు. ఈ వేసవిలో పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇంజన్ లోపల తిరిగే కొన్ని చక్రాలకు తయారీలోనే లోపముంది, పగులు కంటికి కనపడదు, అవి ఉన్న ప్రతి ఇంజన్‌లో తప్పనిసరిగా మార్చాలి అని. మార్చేసినాం, సంతకం పెట్టమన్నారు కంపెనీవాళ్ళు. వీడు పాతవి చూపించమన్నాడు. చూపించినారా? "తుక్కుకు పోయినాయంట మామా. మళ్ళీ ఎవరూ వాడకుండా ముక్కలు చేసి కదా పంపాల్సింది? ఆ ముక్కలన్నా చూపించాల కదా?" అని నాకు ఫోన్‌లో చెప్పినాడు. ఆ వారం దాటలేదు, వాడు పోయినాడు.

ఇంజన్ పని చెయ్యడానికి ఎక్కే ఎత్తు స్టాండు మీద నుంచి కాలు జారి పడ్డాడంట. పడిపోకుండా భుజాలకూ నడుముకూ కట్టుకునే బెల్టు పెట్టుకోలేదంట. ఎవరు, మా శ్రీహరా? ఇంటిమీద నీళ్ళ ట్యాంకు కడగడానికి ఎక్కినా నడుముకు తాడు కట్టుకునేవాడు. వీధంతా నవ్వేది. నవ్వనీలే అని ముడి ఇంకోసారి లాగి చూసుకునేవాడు. వాడు బెల్టు మరిచినాడా?

నిన్న వాడి సామాన్ల సంచి తెచ్చిచ్చినారు. అందులో బెల్టు ఉంది. మా అక్క పద్మమ్మ దాన్ని తడిమి చూసింది. భుజం ఒరుసుకుంటాందని వాడంటే, పోయిన దసరాకు తన చీర ముక్క మడిచి ఆ పట్టీ కింద కుట్టింది తనే. ఈ బెల్టుకు ఆ గుడ్డ లేదు. కుట్టు విప్పిన గుర్తూ లేదు. "ఇది నా బిడ్డది కాదురా తమ్ముడూ" అన్నది. కొత్త బెల్టు ఎందుకు పంపినారు? పాతదాంట్లో మాకేం కనపడుతుందని భయం?

నాకు దుఃఖంగా ఉంది. అంతకు మించి అనుమానంగా ఉంది, దాచుకోను. ఆ ఇంజన్లు ఈ పొద్దు కూడా జనాన్ని ఎక్కించుకొని తిరుగుతానే ఉన్నాయి.

కంపెనీ తరఫున వచ్చిన సారు ముందు వరుసలోనే కూర్చున్నారు. సారూ, మీకు మర్యాద తక్కువ చెయ్యం, అన్నం తినే పోండి. ఇప్పుడు శ్రీహరి కోసం అందరం లేచి, కాసేపు మాట్లాడకుండా నిలబడదాం. మీరూ లేవండి. ఈ మౌనం అయిపోయినాక మొదట మాట్లాడాల్సింది మీరు. ఆ పాత చక్రాలు ఏవి? మావాడి పాత బెల్టు ఏది?

లేవండమ్మా. లేవండయ్యా.