ముందుగా తన పేరు చెప్పే టీకాలమ్మ

క్రీస్తు శకం 1926వ సంవత్సరం జూన్ నెల ఏడవ తేదీ, సోమవారం నాడు శ్రీమతి దేవకృప గారు సికింద్రాబాదు ఆరోగ్య విభాగంలో మశూచి టీకాలు వేసే ఉద్యోగినిగా చేరారు. ముప్పై సంవత్సరాల నిరంతర సేవానంతరం, ఈ అక్టోబరు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేయనున్నారు. అదే నాటితో మన హైదరాబాదు రాష్ట్రం కూడా ముగిసి, మరునాటి నుంచి మనమంతా ఆంధ్రప్రదేశ్ వారమవుతాము. రాష్ట్రానికీ ఆవిడకూ ఒకే రోజు వీడ్కోలు పలకవలసి రావడం మా గుమాస్తాల ప్రాణం మీదికి వచ్చింది. ఏ కాగితం మీద ఏ ముద్ర వేయాలో తెలియక వారం రోజులుగా తలలు పట్టుకుని కూర్చున్నాం. రాష్ట్రం సంగతి పెద్దలు చూసుకుంటారు. దేవకృప గారి సంగతి మన కార్యాలయ పత్రిక వీడ్కోలు సంచికలో రాయడానికి హెడ్ క్లర్కునైన నేను, అంటే సోమయ్యను, పూనుకున్నాను.

ఆ కాలంలో టీకాల పెట్టె కనబడితే చాలు, మెట్టుగూడ మొదలు లాలాగూడ దాకా తలుపులు దబదబా మూతపడేవి. తక్కిన ఉద్యోగులు తలుపులు బాది, కేకలు వేసి, జవానును ముందుంచుకుని లోపలికి వెళ్లేవారు. దేవకృప గారు మాత్రం గడప బయటే కూర్చుని, పెట్టెను కొంగు కింద దాచి, నింపాదిగా మాట మొదలుపెట్టేవారు. "నా పేరు దేవకృప. గీ మెట్టుగూడలనే ఉంట. మా ఆయన దేవానందం, రైల్వే వర్క్‌షాపుల పని చేస్తడు. నీ పేరేంది బిడ్డా?" ముందు తన పేరు చెప్పనిదే ఎదుటివారి పేరు అడగకపోవడం ఆవిడ పద్ధతి. నమోదు పుస్తకంలో తండ్రి పేరుకే గడి ఉన్నా, ఆవిడ పక్క అంచున తల్లి పేరు కూడా రాసేవారు.

1931లో కొత్తగా కొలువులో చేరిన నాకు ఈ అంచు రాతలు కంటకమయ్యాయి. గడి లేని చోట రాయడమేమిటని గట్టిగానే అడిగాను. "జొరమొచ్చిన పొల్లను సంకనేసుకొని దవాఖానకు ఉరికేది ఎవ్వరు సాబ్? అయ్యనా, అమ్మనా?" అన్నారు. వాదనలో ఓడిన గుమాస్తా చేసే పనే నేనూ చేశాను, మూతి ముడుచుకుని తరువాతి పేజీ తిప్పాను.

పోలీసు చర్యకు ముందు నెలల్లో భయంతో నా కుటుంబం బెజవాడ చేరినప్పుడు, మా ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. 1948 సెప్టెంబరు తరువాత భయం ఇల్లు మారింది. ఇప్పుడు వేరే తలుపులు మూతపడ్డాయి. లాలాగూడ దర్జీ షంషీర్‌ను, ఎవరో రాసిచ్చిన జాబితాలో పేరున్నదని తీసుకువెళ్లి, ఏడు నెలల తరువాత, పొరపాటు జరిగిందని వదిలిపెట్టారు. వెళ్లిన షంషీర్ వేరు, వచ్చిన షంషీర్ వేరు. ఆనాటి నుంచి అతని భార్య లతీఫున్నీసా బీ ఇంటికి కాగితం, కలం పట్టుకుని ఎవరు వచ్చినా లోపల గొళ్లెం పడేది. దేవకృప గారికి ఒక్కరికే ఆ గొళ్లెం తీసేవారు.

అటువంటి కాలంలో మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారుచేసే బాధ్యత మన ఉద్యోగుల మీద కూడా పడింది. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు! వినడానికి ఎంత బాగుందో, రాయడానికి అంత తక్లీఫు అయింది. ఆడవారు పరాయి మగవాడికి పేరు చెప్పరు; "రాములు పెండ్లాం", "ఇమామ్ తల్లి" అని తలుపు చాటునుంచి అనేవారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. స్త్రీల పేర్లు సేకరించడానికి దేవకృప గారిని నియమించాం. ఆవిడ ఇంటింటా కూర్చుని, మాట్లాడి, ఒప్పించి, రోజుకు నాలుగు పేర్లో అయిదు పేర్లో తెచ్చేవారు. గడువు ముంచుకొస్తోంది. షంషీర్ ఉండే వీధి నుంచి ఒక్క పేరూ రాలేదు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పక తప్పదు. ఆవిడ టీకాల పుస్తకాల అంచుల్లో ఆ వీధి తల్లులందరి పేర్లూ ఉన్నాయన్న సంగతి నాకు గుర్తుకొచ్చింది. ఆహా, ఎంత తెలివి! ఒక మధ్యాహ్నం కూర్చుని ముప్పై నాలుగు పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించాను. ఆ జాబితాను, అభ్యంతరాలుంటే తెలుపుకోవడానికని, ఆ వీధి మొదట్లోని గోడకే అంటించాం.

మరునాడు పొద్దున దేవకృప గారు నా బల్ల ముందు నిలబడ్డారు. ఆవిడ కోపం నేను చూడటం అదే మొదలు.

"ఏం పని చేసినవ్ సాబ్! గల్లీల సగం ఇండ్లకు తాళాలు. ఆడోళ్ల పేర్లు సుత లిస్టుల ఎక్కినయి, ఇగ మమ్మల్ని సుత పట్కపోతరని పిల్లల్ని తీస్కొని చుట్టాల ఇండ్లకు పోయిండ్రు. ఇరవై అయిదేండ్ల సంది నన్ను నమ్మి చెప్పిన పేర్లు గవి!"

"ఓటు పోతుందనే కదమ్మా రాశాను. వారి మేలు కోసమే..." అని గొణిగాను.

"అడుగకుండ రాస్తే, షంషీర్ పేరు రాసినోనికి నీకు ఏం ఫరక్ సాబ్?"

నా తల కొట్టేసినట్టయింది. పాతికేళ్లుగా ఏ వీధిలో అడుగుపెట్టినా గొళ్లెం తీయించుకున్న మనిషికి ఇక ఒక్క తలుపూ తెరుచుకోకుండా చేశాను. ఆ ముప్పై నాలుగు ఓట్లు సరే, ఆవిడ సంపాదించుకున్న నమ్మకమంతా నా కలం పోటుకు పోయింది.

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని లతీఫున్నీసా బీ ఇంటికి వెళ్లారు. ఆవిడకు కూడా ఆరోజు తలుపు తీయలేదు. గడప బయటే కూర్చున్నారు. నేను నిలబడ్డాను.

"నువ్వు గూడ గంతేనా టీకాలమ్మా?" అన్నది లోపలి గొంతు. "నీకు చెప్పిన పేరు గోడకెక్కింది. ఆయనొచ్చి రెండేండ్లు కాలేదు. కుట్టుమిషను సప్పుడుకు సుత ఉలిక్కిపడ్తడు. జెర మమ్మల్ని బతుకనియ్యుండ్రి."

"తప్పయింది బిడ్డా. నా పుస్తకం భద్రంగ వెట్టుకోకపోవుడు నా తప్పే," అన్నారు దేవకృప గారు. నా పేరైనా ఎత్తలేదు! "గా లిస్టుల నా పేరు సుత ఉన్నది, సూడు. కలెక్టరు ఇంట్లో ఆడామె పేరు సుత ఉన్నది. ఇది పట్కపోయే లిస్టు కాదు, మనం పోయి మన మాట చెప్పే లిస్టు. అయినా నువ్వు వద్దంటే వద్దు. నీ ముంగటనే కొట్టేయిస్త."

తలుపు వేలెడు తెరుచుకుంది. దేవకృప గారు నా వైపు చూశారు. వెంట తెచ్చిన జాబితాలో, ముత్యాల్లాంటి నా అక్షరాల మీద నా చేత్తోనే గీత గీశాను. అలా ఆ వీధిలో ఇంటింటి ముందూ నిలబడి, ఉన్నవారి ఎదుట, లేనివారికి ఇరుగుపొరుగులతో కబురంపి, ముప్పై నాలుగూ కొట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పేరు చేర్చుకోమని అడిగే క్లెయిములకు చివరి రోజు వచ్చింది. మధ్యాహ్నం దాటింది, ఎవరూ రాలేదు. దేవకృప గారు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని పెట్టెలో సూదులు సర్దుకుంటున్నారు, సర్దినవే మళ్లీ సర్దుకుంటున్నారు. నాలుగు గంటలకు వరండాలో అడుగుల చప్పుడయింది. బురఖాల్లో కొందరు, చీరకొంగు నెత్తిన కప్పుకుని కొందరు, ఆ వీధి ఆడవారు. అందరికంటే ముందు లతీఫున్నీసా బీ.

నేను కలం తీసి, అలవాటు కొద్దీ, "పేరు?" అన్నాను.

"ముందుగాల నీ పేరు చెప్పు సాబ్," అన్నదామె.

కార్యాలయం యావత్తూ నన్నే చూస్తోంది. కుర్చీలో నుంచి లేచాను. "నా పేరు సోమయ్య. మారేడ్‌పల్లిలో ఉంటాను. మీ పేరేమిటమ్మా?"

"నా పేరు లతీఫున్నీసా. ఇప్పుడు రాయి."

రాశాను. ఆనాడు ఇరవై తొమ్మిది మంది తమ నోటితో తమ పేర్లు చెప్పారు. రాని అయిదుగురి ఇళ్లకు దేవకృప గారు మళ్లీ వెళ్లి ఏమీ అడగలేదు, కూర్చుని టీ తాగి వచ్చారు. ఆ చివరి రోజున కిటికీ దగ్గర ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. నేను చూసినట్టు ఆవిడకు తెలియదు, ఈ సంచికలో చదివి తెలుసుకుంటారు.

1952లో పోలింగు రోజున ఆవిడకు మారేడ్‌పల్లి మహిళా కేంద్రంలో బాధ్యత అప్పగించాం. పక్కనే ఉన్న మగవారి వరుసలో, రాములు అనే కుర్రవాడికీ మరొకడికీ ఎవరు ముందన్న దగ్గర చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. పోలీసు కదిలేలోగా దేవకృప గారు బయటికి వచ్చి, ఇద్దరి చేతుల మీది మచ్చలూ చూపించి, "ఈ టీకాలు నేనేసినవే. గప్పుడు సుత మీరిద్దరు గిట్లనే లొల్లి జేసిండ్రు. నిలబడుండ్రి సక్కగ!" అన్నారు. వరుసంతా గొల్లున నవ్వింది. ఆ తరువాత చీకటిపడే దాకా అక్కడ గొంతు పెంచినవారు లేరు.

పెట్టెలకు సీళ్లు వేశాక, ఆవిడ వేలి మీద సిరా గుర్తు లేదని గమనించాను. ఓటు మెట్టుగూడలో, విధి మారేడ్‌పల్లిలో. తపాలా ఓటుకు పెట్టుకోవలసిన దరఖాస్తు, ఊరందరి దరఖాస్తులూ నింపే హడావుడిలో, ఆవిడ సంచీలోనే ఉండిపోయింది. "పోనీ తియ్యి సాబ్, మళ్ల ఎలక్షన్ రాదా?" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అమ్మా, మళ్లీ ఎన్నికలు వస్తున్నాయి. కొత్త సంవత్సరం మొదట్లోనే అంటున్నారు. ఈసారి మీకు ఏ విధీ లేదు, ఎవరి దరఖాస్తూ మీ సంచీలో లేదు. మొన్న లతీఫున్నీసా బీ కనబడి, షంషీర్ కుట్టిన రవిక మీకిమ్మని చెప్పి, "మా గల్లీ ఓట్లు సుత మెట్టుగూడ సెంటర్లనే. గాడికి ఆమెను నేనే తోల్కపోత, వరుసల ఆమె ముంగట, నేను ఎనుక" అన్నది. మెట్టుగూడ కేంద్రంలో నన్ను వేయమని ఇప్పటికే అర్జీ పెట్టుకున్నాను. మీ శ్రీవారు దేవానందం గారితో, మీ కుమార్తె మేబెల్‌తో కలిసి మీరు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఇంకా ఎన్నెన్నో ఎన్నికలలో మీ వేలి మీద ఆ సిరా గుర్తు పడాలని మా అందరి ఆకాంక్ష. పోలింగు ఉదయం మీరు నా బల్ల ముందుకు వచ్చినప్పుడు, పాతికేళ్లుగా ఎరిగిన పేరే అయినా, నేను జాబితా చూసి రాసుకోను. లేచి నిలబడి, ముందుగా నా పేరు సోమయ్య అని చెప్పి, ఆ తరువాతే మీ పేరు అడుగుతాను.