గ్లోరీ హాజరు

మనసు చెదిరినవాళ్లను ఆదుకోవడంపై యూనివర్సిటీలో శిక్షణ పొంది, హాస్టల్ వార్డెన్ మెస్‌లోకి వచ్చింది. నాలుగు రోజులుగా కోపంతో ఉడికిపోతున్న వంటామె ఆమె ముందు టీ గ్లాసు ఠక్కున పెట్టింది.

"ఏం నేర్పిన్రు మేడమ్?"

"ఎవరైనా దిగులుగా కనిపిస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలంట."

"సోమవారం అన్నం ముట్టకుండ కూసున్న గ్లోరీని నేను గదే అడిగిన. పిల్లలతోని అపశకునం మాటలేందని అందరి ముంగట నన్ను తిట్టిన్రు."

"అప్పుడు నాకు తెలియదు కదా."

"తెల్వకుంటే, ఆ పిల్ల ఏమన్నదని నన్ను అడగొచ్చు గదా."

వార్డెన్ గొంతు తగ్గింది. "ఏమంది?"

"అవునన్నది. ఆ పూటే డాక్టర్‌కు చూపించి, మాణికేశ్వర్ నగర్‌ల మా ఇంటికి తోల్కపోయిన. ఇయ్యాల్టికీ ఆడనే ఉన్నది. మీ రిజిస్టర్ల మాత్రం రోజూ హాజరు పడుతనే ఉన్నది."