ఊడ్చేదెవరు?

అమెరికాలోని నోవైలో కూతురి పెళ్లికి ముందురోజు సాయంత్రం జర్మన్ వియ్యాలవారు వాకిట్లో పింగాణీ ప్లేట్లు పగలగొడుతుంటే, ప్రతి చప్పుడుకీ జ్ఞానప్రసూన మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంటోంది.

"భయపడకమ్మా, ఇది వాళ్ల కస్టమ్. పోల్టరాబెండ్ అంటారు."

"శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఈ పగలగొట్టడమేంటే?"

"ఈ చప్పుడుకి దయ్యాలు పారిపోతాయని వందల ఏళ్ల నమ్మకం."

"పెళ్లయినప్పటి నుంచీ మీ నాన్న కంచాలు విసురుతూనే ఉన్నాడు. ఏదీ పారిపోలేదు. నా నుదుటి మీద మచ్చ మాత్రం మిగిలింది."

"అమ్మా, నాన్న పక్కనే ఉన్నారు."

"విననీ. ఇంతకీ ఆ ముక్కలు ఎవరు ఊడుస్తారు?"

"నేనూ లూకాసూ కలిసి ఊడవాలి. అసలు ఆచారమే అది."

"అతను కూడానా?"

"అతను కూడా."

"అయితే ఓ ప్లేటు ఇటివ్వు."

అది భర్త కాళ్ల ముందు భళ్లున పగిలింది.

"ఇప్పుడా చీపురు మీ నాన్న చేతికివ్వు."