గుండ్లవాగు గేటు దగ్గర పగడాన్ని ఆపిన ఫజిలత్ బేగం గారు

1992 నవంబరు 9వ తేదీన శ్రీమతి ఫజిలత్ బేగం గారు పినపాక సెక్షన్‌లో ఫారెస్టరుగా ఉద్యోగంలో చేరారు. మధిరలో కుట్టుమిషన్లు బాగుచేసే కుటుంబంలో పుట్టి, జంతుశాస్త్రంలో పట్టా పొందిన వారికి అప్పటికి అడవితో పరిచయం లేదు. చేరిన రోజునే ఒక సీనియరు, "అడవిల తిరుగుడు మీతోని కాదమ్మా, ఆఫీసుల రాతపని చూసుకోండ్రి" అన్నారు. "అదీ చేస్తాను సార్, తిరిగొచ్చాక" అన్నారు ఫజిలత్ గారు. ఆ మాట ప్రకారమే ఉద్యోగకాలమంతా పగలు అడవిలోనూ, సాయంత్రం బల్ల ముందూ గడిపారు.

పినపాక నుంచి కారేపల్లికి, అక్కడినుంచి పదోన్నతిపై గుండ్లవాగుకు వచ్చి, 2014లో ఆ రేంజికే అధికారిణి అయ్యారు. పట్టుబడిన టేకు దుంగలు చెక్‌పోస్టు నుంచి డిపోకు చేరేలోగా మారిపోతున్నాయని, మంచి దుంగ బయలుదేరితే పుచ్చు దుంగ దిగుతోందని గమనించి, సిబ్బందికి ఒక నియమం పెట్టారు. పట్టుకున్నది ఏదైనా సరే, శాఖ గుర్తున్న సుత్తితో ముద్ర పడ్డాకే గేటు నుంచి కదలాలి. దుంగలు మారడం ఆగిపోయింది.

2021 వేసవిలో ఖమ్మం వైపు వెళ్తున్న వ్యానులో పత్తిగింజల బస్తాల కింద అట్టపెట్టెలు దొరికాయి. వాటిలో తెల్లటి గిన్నెల్లాంటివి ఉన్నాయి. గేటు దగ్గరున్న వాచరు పగిడయ్య ఫోన్ చేస్తే, "ఆపి ఉంచు, వస్తున్నాను" అన్నారు ఫజిలత్ గారు. వారు వచ్చేలోగా పగిడయ్య నియమం పాటించాడు. వారు జీపు దిగేసరికి బల్లమీద ఒక గిన్నె ముక్కలై ఉంది.

"ఏమిటిది పగిడయ్యా?"

"ముద్రేసిన మేడమ్. టేకు లెక్క ఆగుతదనుకున్న. అప్పడం లెక్క పోయింది."

"ఇంకా వేటికైనా వేశావా?"

"లే. రెండోదానికి సెయ్యి రాలే."

వ్యాను డ్రైవరు నవ్వాడు. "చేపల తొట్లల్ల పెట్టే రాళ్లు మేడమ్ గివి. రాళ్లకు గూడ ముద్రలేస్తరా మీరు? గట్లయితే ఆ గుట్టకు గూడ ఒకటెయ్యిండ్రి."

ఫజిలత్ గారు నవ్వలేదు. ఒక ముక్కను వెలుతురుకు పట్టి చూశారు. దానినిండా సూదితో పొడిచినట్టు గుంటలున్నాయి. కాలేజీ ప్రయోగశాలలో చూసినదేదో గుర్తొచ్చింది. అయినా గుర్తును నమ్మి కేసు రాయలేదు. వ్యానును ఆపించి, ముక్కలను సముద్రజీవుల శాస్త్రవేత్తలకు పంపారు. జవాబు వచ్చింది. అది టర్బినేరియా అనే పగడం. వెచ్చని సముద్రాల్లో గిన్నెలా, పళ్లెంలా పెరుగుతుంది. ఒక్కో గుంటలో ఒక్కో ప్రాణి ఉండి, తన చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటుంది. అవి పోయినా గోడలు మిగులుతాయి, వాటిపై మరికొన్ని కడతాయి, చివరికి దిబ్బ లేస్తుంది. సముద్రం వేడెక్కితే పాలిపోయి చస్తాయి. అంతరించే ముప్పున్న జాతుల్లో దీన్ని చేర్చారు. మన వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న షెడ్యూలులోనే ఇదీ ఉంది.

అక్కడినుంచి కష్టాలు మొదలయ్యాయి. పై కార్యాలయం నుంచి సలహా వచ్చింది. "పగడమని రాస్తే, విరగ్గొట్టింది మనవాళ్లేనని కూడా రాయాల్సి వస్తుంది. వాచరు ఉద్యోగం పోతుంది, మీకు మెమో వస్తుంది. రాళ్లని రాసి వదిలేయండి." రాళ్లని రాస్తే పెట్టెలన్నీ వాటిని పంపిన వ్యాపారి చేతికి తిరిగి వెళ్తాయి.

పగిడయ్య వచ్చి, "నా పేరే రాయుండ్రి మేడమ్. మీకెందుకు పంచాయితీ?" అన్నాడు.

"రాశాను. సాక్షిగా."

పగడమనే రాశారు. తమ చెక్‌పోస్టులోనే ఒకటి పగిలిందని, ముద్ర నియమం తమదేనని, బాధ్యత కూడా తమదేనని రాశారు. మెమో వచ్చింది, రావలసిన పదోన్నతి ఆగింది. ఫజిలత్ గారు కేసు ఆపలేదు.

కోర్టులో వ్యాపారి తరఫు న్యాయవాది వెంకటరామారావు గారు, "భద్రాచలం అడవిలోకి సముద్రం ఎప్పుడొచ్చింది మేడమ్?" అని అడిగితే అందరూ నవ్వారు.

"సముద్రం రాలేదండి, వ్యాను వచ్చింది. పులి మా రేంజిలో పుట్టలేదని దాని చర్మాన్ని పోనిస్తామా?"

"మీవాళ్లే రాయనుకుని కొట్టారుగా?"

"దుంగనుకుని కొట్టారండి. మాకు ఏది దొరికినా దుంగే. అది మా తప్పు. ఆ తప్పుతో పగడం రాయైపోదు."

తీర్పు 2024లో వచ్చింది. వ్యాపారికి శిక్ష పడింది, పగడాలు అతనికి తిరిగి దక్కలేదు. అవి సముద్రానికీ తిరిగి వెళ్లలేవు. తీర్పు వచ్చిన రోజు రేంజి సిబ్బందిమి మేము మిఠాయి తెస్తే, "చచ్చినవాటికి న్యాయం జరిగింది. బతికున్నవాటి సంగతి చూద్దాం" అని, మిఠాయి మాత్రం తిన్నారు.

మెమో ఇంకా ఉంది. గత నెల పై కార్యాలయం వారు దాన్ని మూసే దారి కూడా చూపించారు. వాచరు నిర్లక్ష్యం వల్ల జరిగిందని రెండు వాక్యాలు రాసిస్తే చాలు. "పోయేటప్పుడు మచ్చ ఎందుకు మేడమ్?" అని మాలో కొందరం కూడా బతిమాలాం.

"ఆ రెండు వాక్యాలతో పగిడయ్య ఇంటికి పోతాడు. మచ్చ నాది, ఉండనివ్వండి. మీకేం బరువు?"

రాయలేదు. పగిడయ్య ఈ ఉదయం కూడా గేటు దగ్గరే ఉన్నాడు.

2025 జులై 31న ఫజిలత్ బేగం గారు ఆ మెమోతోనే పదవీ విరమణ చేస్తున్నారు. భర్త మున్వర్ గారితో, కుమార్తె తబస్సుంతో కలిసి రామేశ్వరం వైపు సముద్రానికి వెళ్లి, ప్రాణమున్న పగడాన్ని మొదటిసారి చూడాలని వారి కోరిక. ఆ కోరిక తీరాలని, మోకాళ్లు మొరాయించకుండా, చూపు మందగించకుండా వారు నిండు నూరేళ్లు జీవించాలని ఆకాంక్షిస్తున్నాం. ఆ రెండు వాక్యాల కోసం ఎవరైనా మళ్లీ మధిరలోని ఇంటి తలుపు తట్టితే, లేచి వచ్చి తలుపు తీసి, రాయనని చెప్పి పంపగల ఆరోగ్యం వారికి చివరిదాకా ఉండాలి.