ఆడని ఫైనల్

ఆడవాళ్ల టెన్నిస్ టోర్నమెంటుకు యాభై ఏళ్లు నిండాయి. దాని చరిత్ర రాస్తున్న అమ్మాయి, తొమ్మిదో ఏటి విజేతను వెతుక్కుంటూ ఆవిడ ఒంటరిగా ఉంటున్న ఇంటికి వచ్చింది.

"యాభై ఏళ్లలో స్కోరు లేని ఫైనల్ మీదొక్కటేనమ్మా. కాగితాల్లో 'వాకోవర్' అని, అంటే ఆడకుండానే గెలిచారని ఉందంతే. ఏమైంది?"

"నాతో ఆడాల్సిన అమ్మాయి రాలేదు."

"దెబ్బ తగిలిందా?"

"కాదు. వాళ్లమ్మకి ప్రాణం మీదికొచ్చిందని తెల్లారకముందే టెలిగ్రాం వచ్చిందట. నన్ను లేపకుండానే వెళ్లిపోయింది."

"మీరిద్దరూ ఒకచోటే ఉండేవారా?"

"ఒకే గది. ఆరేళ్లు ఏ ఊళ్లో ఆడినా అంతే. తన రాకెట్‌తో నేను, నా బూట్లతో తను ఆడేవాళ్లం."

"మరి కోర్టులో?"

"అంపైరు తన పేరు మూడుసార్లు పిలిచాడు. నెట్‌కి అవతల ఎవరూ లేరు. కప్పు నా చేతిలో పెట్టారు. జనం ఏదో నాలుగు చప్పట్లు కొట్టి లేచిపోయారు."

"తర్వాత కలిశారా?"

"ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. వాళ్లమ్మ పోయిందనీ, తను ఆట మానేసిందనీ ఎవరో చెప్పారు. ఆ తర్వాత నేనూ ఎక్కువ కాలం ఆడలేదు. గదిలో పక్క మంచం ఖాళీగా కనిపిస్తే నిద్ర పట్టేది కాదు."

"పుస్తకంలో ఏం రాయమంటారు?"

"ఆ ఏడు ఎవరూ గెలవలేదని రాయి."

"అయ్యో, మీరు గెలిచింది ఆ ఒక్కసారేనమ్మా! విజేతల పట్టికలోంచి మీ పేరు పోతుంది."

"పోనీలే తల్లీ. ఆ పట్టికలో ఆ ఏటికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఫైనల్ ఆడలేదని రాస్తే, మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేయాలి కదా."