కప్పి ఉంచిన తాటి

2006 ఆగస్టు. వెల్లింగ్టన్ దగ్గర అప్పర్ హట్‌లో ఒక ఇంటి పెరడు. అక్కడ ఆగస్టంటే చలికాలం; మధ్యాహ్నమైనా నీడపట్టున గడ్డి మీద మంచు కరగలేదు. నడుమెత్తు తాటిమొక్క ముందు దామోదర్, అతని అత్తగారు సావిత్రి.

"అబ్బే, ముట్టుకోకండి అత్తయ్యగారూ. చేతికి అంటుకుంటే ఓ పట్టాన వదలదు ఆ వాసన."

"ఏవిటి బాబూ ఇంత కంపు? లోపల ఎలకేమైనా దూరి చచ్చిందా?"

"ఎలక కాదు. చెట్టే."

"చెట్టా? నేను కప్పినప్పుడు ఆకులు నవనవలాడుతున్నాయి కదా!"

"అప్పుడు అలాగే ఉన్నాయి. మీరు లోపలికెళ్ళండి. చలిగా ఉంది."

"ఉండండి. ఆ నడిమి ఆకు ఓసారి లాగండి."

"ఎందుకిప్పుడు?"

"లాగండి బాబూ."

"... వచ్చేసింది."

"రెండు వేళ్ళతో పట్టుకుంటే వచ్చేసిందే! అడుగున చూడండి, నల్లగా, జావలా. మొవ్వు కుళ్ళింది. మా అమలాపురంలో వానాకాలం కొబ్బరికి వచ్చే జబ్బే ఇది. ఆకులు పోతే మళ్ళీ వస్తాయి గానీ మొవ్వు పోతే ఇంకేం లేదు. కొబ్బరికైనా తాటికైనా ప్రాణం అక్కడే."

"చలికి పోయిందిలెండి. ఈ ఏడు మంచు ఎక్కువ పడింది."

"చలికా?"

"చలికే."

"మీరేగా చెప్పారు, ఇది చైనా కొండల తాటి, మంచులో మెడదాకా కూరుకుపోయినా బతుకుతుందని? నేనొచ్చిన కొత్తలో, ‘ఇదేం తాటి బాబూ, కల్లు రాదు, ముంజలు రావు, పాకమీదకి ఆకైనా రాదు’ అంటే, ‘ఈ ఊళ్ళో బతకడమే దీని గొప్ప అత్తయ్యగారూ’ అన్నారు."

"అన్నాను. అన్నవన్నీ జరుగుతాయా?"

"మరి గేటు దగ్గరిది?"

"దానికేం?"

"ఇదీ అదీ ఒక్కరోజే తెచ్చానన్నారు. దానికి నేనేం కప్పలేదు, రగ్గు చాలక. పొద్దున్నే ముగ్గుపిండి చల్లినట్టు మంచు పట్టి ఉంటుంది పాపం. ఇందాక చూశాను. కొత్త ఆకు వేస్తోంది."

"అది... అక్కడ ఎండ తగుల్తుంది."

"ఎండా? ఈ ఊళ్ళోనా?"

"అత్తయ్యగారూ, రేపు పొద్దున్నే మీ ఫ్లైట్. సూట్‌కేస్ తూకం చూశారా? ఎక్కువుంటే ఎయిర్‌పోర్ట్‌లో విప్పదీయిస్తారు."

"తూకం మా అమ్మాయి కావ్య చూసింది. మాట మార్చకండి. నేను కట్టడంలో ఏం తప్పు జరిగింది? పాప పోయాక మీరిద్దరూ మనుషుల్లో లేరు. దీని మొహం చూసేవాళ్ళే లేరు. అల్లుడుగారు ముచ్చటపడి పెంచుకున్నది, ఇదన్నా దక్కాలి దేవుడా అనుకున్నాను. ముందు ప్లాస్టిక్ చుట్టాను. దాని మీద పాత రగ్గు. ఆపైన నా చీరముక్కతో గట్టిగా బిగించాను, ఎక్కడా గాలి చొరకుండా."

"చూశాను. ముడులు విప్పలేక కత్తెర తెచ్చుకున్నాను."

"మరి?"

"మరేం లేదు."

"మధ్యలో విప్పాల్సిందా?"

"పోనివ్వండి, చెట్టేగా. నర్సరీలో బోలెడు దొరుకుతాయి."

"విప్పాల్సిందా అని అడుగుతున్నాను బాబూ."

"... పగలు విప్పాలి. అసలు రాత్రిళ్ళు కూడా అంత అక్కర్లేదు. దీనికి చలి ఓ లెక్క కాదు. లోపల చెమ్మ పుడుతుంది, అది బయటికి పోవాలి. పోయే దారి లేకపోతే లోపలే ఉక్కిరిబిక్కిరై..."

"ఆగిపోయారేం?"

"కుళ్ళుతుంది. అంతే."

"అంటే చలికి పోలేదు."

"లేదు."

"కప్పినందుకు పోయింది."

"మనం చెట్టు గురించి మాట్లాడుకుంటున్నాం అత్తయ్యగారూ."

"నేనూ చెట్టు గురించే అంటున్నాను. బాబూ, పాపని చూడ్డానికి ఇంటికొచ్చేదే ఆ నర్సమ్మ, పొడుగ్గా, ఎర్ర జుట్టావిడ..."

"లోపలికి పదండి. టీ పెడతాను."

"వచ్చీ రాగానే కిటికీ తెరిచేది, జూన్ నెల చలిలో! పాప టోపీ తీసేసేది. ఒక్క దుప్పటి చాలని వేలు చూపించి మరీ చెప్పేది. ఆవిడ గేటు దాటగానే నేను మళ్ళీ కిటికీ మూసేదాన్ని. ‘ఈ మహాతల్లి అసలు పిల్లల్ని కన్నదా?’ అన్నాను. మీరు నవ్వారు."

"నవ్వాను."

"కావ్య కూడా నవ్వింది."

"అందరం నవ్వాం. ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నలుగుర్ని కన్నాను నేను. నలుగుర్నీ అలాగే పెంచాను. నెత్తిన టోపీ, చెవుల్లో దూది, తలుపు సందుల్లో గుడ్డలు. మా అమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే. ఎవరికీ ఏమీ కాలేదు."

"అక్కడ హీటర్లు లేవు అత్తయ్యగారూ."

"ఏమన్నారు?"

"ఏం లేదు."

"హీటర్లు లేవన్నారు."

"ఏదో నోటికొచ్చింది. డాక్టర్లు చెప్పింది మీరూ విన్నారు. కారణం తేలలేదన్నారు. ఒక్కోసారి ఇలా నిద్రలోనే పోతారన్నారు. వాళ్ళకే తేలనిది మనకేం తేలుతుంది?"

"ఆ రోజు పోలీసులు అడిగారా, పాప మీద ఏం కప్పారని?"

"అడుగుతారు. ఇక్కడ పసిబిడ్డ ఇలా పోతే ఎవరింటికైనా వస్తారు, అడుగుతారు."

"మీరేం చెప్పారు?"

"ఒక్క దుప్పటి అన్నాను."

"టోపీ?"

"లేదన్నాను."

"నా ఉన్ని శాలువా? మీరిద్దరూ నిద్రపోయాక వచ్చి, రెండు మడతలేసి నేనే కప్పాను బాబూ. కిటికీలోంచి చూస్తే గడ్డి అంతా తెల్లగా మెరుస్తోంది. పిల్ల వణికిపోతుందేమో అనిపించింది. పొద్దున మీ కేక విని పరిగెత్తుకొచ్చాను. సాయంత్రం చూస్తే శాలువా నా గదిలో కుర్చీ మీద ఉంది. నేనే తెచ్చుకుని ఉంటానులే అనుకున్నాను. రోజూ అలాగే అనుకుంటున్నాను. నేనే తెచ్చుకున్నానా?"

"శాలువా సంగతి వదిలెయ్యండి."

"చెప్పండి."

"నేనే తీశాను. అంబులెన్స్ వచ్చేలోపు. టోపీ కూడా."

"అయితే ఆ రోజే మీకు తెలుసు."

"నాకేం తెలీదు! ఎత్తుకుంటే చొక్కా తడిసి ఉంది, చెమటతో. అంతవరకే తెలుసు. మిగతాది ఎవరికీ తెలీదు. మీకూ తెలీదు."

"భగవంతుడా."

"కూర్చోండి. ఇదిగో, ఈ మెట్టు మీద కూర్చోండి. మీరు కావాలని చేశారా చెప్పండి? ఏ అమ్మమ్మయినా అదే చేస్తుంది."

"కావ్యకి తెలుసా?"

"తెలీదు. తెలియనివ్వను. మీరు రేపు విమానం ఎక్కండి. ఈ చెట్టుని సాయంత్రం పీకేస్తాను. ఇది ఇక్కడితో అయిపోయింది."

"ఎలా అయిపోతుంది? రోజూ నా ఒళ్ళో తల పెట్టుకుని ‘నాదే తప్పమ్మా, నాదే తప్పు’ అని ఏడుస్తోంది. ఛ, పిచ్చిపిల్లా, నీ తప్పేముందే అని తల నిమురుతున్నాను. ఈ చేతుల్తోనే."

"బిడ్డని పోగొట్టుకుంది. తల్లిని కూడా పోగొట్టుకోమంటారా?"

"చెయ్యని తప్పుని మొయ్యమంటారా?"

"కొన్నాళ్ళకి అదే తగ్గుతుంది. మీరు నోరు విప్పితే మాత్రం జన్మలో మీ మొహం చూడదు."

"చూడకపోతే మానె. అది నన్ను తిట్టుకుంటే బతుకుతుంది. తనని తాను తిట్టుకుంటే బతకదు. దాని కళ్ళు చూశారా మీరు? చూడట్లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదు."

"దణ్ణం పెడతాను అత్తయ్యగారూ. వద్దు."

"తప్పుకోండి. కావ్యా! ఇలా రా అమ్మా."

"ఇక్కడే ఉన్నానమ్మా. తలుపు దగ్గర."

"ఎంతసేపయిందే వచ్చి?"

"కావ్యా, నువ్వు లోపలికెళ్ళు. మీ అమ్మకి ఒంట్లో బాగాలేదు, ఏదేదో మాట్లాడుతోంది."

"మీరుండండి బాబూ. కావ్యా, నీ తప్పేం లేదు తల్లీ. ఆ రాత్రి పాప మీద శాలువా..."

"తెలుసమ్మా. పాలివ్వడానికి లేచినప్పుడు చూశాను. తీసి పక్కన పెట్టాను. పాలు తాగి పడుకున్నాక, అమ్మ కప్పిందంటే మంచికేలే అని... మళ్ళీ నేనే కప్పాను."