బరువైన లాప్‌టాప్

భార్య పని కోసం భర్త కొన్న లాప్‌టాప్‌ను మార్చుకోవడానికి ఇద్దరూ దుకాణానికి వచ్చారు. ఆమె వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరు.

“తెర వెనక్కి మడిస్తే పలకలా పట్టుకునేది కావాలని చెప్పానా లేదా?”

“ఇది గట్టిది. పెద్ద తెర.”

“ఇసుక బస్తాలా ఉంది. నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో దీన్ని పట్టుకుని, రెండో చేత్తో వంతెన పగుళ్లు తెర మీద గీయాలి నేను. వెనకాల మీ తమ్ముడు మోస్తాడా?”

“కాగితం మీద గీసుకో. ఇంటికొచ్చి ఎక్కించుకోవచ్చు.”

“నేను ఇంటికొచ్చేదే వారానికోసారి.”

“అదే నేననేది.”

“ఏది?”

“ఏం లేదు. తేలికవి తొందరగా పాడవుతాయి.”

“నా మొహం చూసి చెప్పండి. తెలియక కొన్నారా, తెలిసే కొన్నారా?”



“బరువైతే విసుగొచ్చి, ఆఫీసులో కూర్చునే పని అడుగుతావనుకున్నా.”

“నోరు విప్పి అడగలేక నా భుజం విరగ్గొడదామనుకున్నారు.”

“అడిగితే వింటావా?”

“వినను. కానీ ఇంత కోపం వచ్చేది కాదు.”

అతను దాన్ని తిరిగి ఇవ్వడానికి గల్లా మీద పెట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇవ్వకండి. ఇంట్లో మీకు తోడుగా ఉంటుంది.”

దుకాణదారు వైపు తిరిగింది.

“అన్నా, మీ దగ్గర అన్నిటికన్నా తేలికైనది చూపించండి.”